జాతర ఊరిది, హక్కు ఎవరిది?

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఒక్క మనిషి తలపెట్టి జరిపించగలిగేది కాదు. చాటింపు వేసేవాళ్ళుండాలి, అవిలాల నుంచి సారె రావాలి, అమ్మవారి వేషం కట్టడానికి కైకాల కుటుంబం వాళ్ళుండాలి. ఇక మొక్కుబడి వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద, బండ వేషం రోజు ఎర్రటి కుంకుమ, తోటి వేషం రోజు నల్లటి బొగ్గుపొడి. చేతిలో వేపమండ. మీసమున్న మగవాడు భార్య పట్టుచీర కట్టుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకుని గుడికి వస్తే ఊళ్ళో ఎవరూ వింతగా చూడరు. దారిలో బూతులు తిట్టడం కూడా ఆ మొక్కులో భాగమే. ఇన్నివేల మందిలో ఏ ఒక్కరినైనా పక్కకు పిలిచి ‘నీ జాతర నువ్వు చేసుకో’ అంటే చేసుకోలేరు.

రేపు ఎవరో ఒక అధికారి వచ్చి ఈ వేషాలు, ఈ తిట్లు అసభ్యంగా ఉన్నాయి, ఆపేయండి అన్నాడనుకుందాం. ఎవరి హక్కు పోయినట్టు? వేషం కట్టినవాడిదా, కైకాల వాళ్ళదా, అవిలాలదా, ఊరు మొత్తానిదా? కోర్టుకు వెళ్తే పిటిషనర్ అని ఎవరి పేరు రాయాలి?

మానవ హక్కులు అనగానే మనకు గుర్తొచ్చేవన్నీ ఒక్కో మనిషికి ఉండే హక్కులు. నన్ను కారణం లేకుండా అరెస్టు చెయ్యకూడదు, నా నోరు మూయించకూడదు, నా దేవుణ్ణి నన్ను మొక్కుకోనివ్వాలి. ఇవన్నీ నేనొక్కణ్ణే ఉన్నా నాకుంటాయి. భాష, పండగ, కులదేవత, చేతిపని అలా కాదు. పక్కవాళ్ళు ఉంటేనే అవి నాకుంటాయి. హక్కేమో మనిషి పేరు మీద, సంస్కృతేమో గుంపు పేరు మీద ఉన్నాయి. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. సంస్కృతి గుంపుదే కాబట్టి దాన్ని నిలుపుకునే హక్కు గుంపుకు ఉండి తీరాలి. అయితే ఆ హక్కు బయటి నుంచి వచ్చే దబాయింపును ఆపడానికి ఉపయోగపడాలి. లోపలున్న బలహీనుల నోరు నొక్కడానికి ఎవరూ దాన్ని వాడకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమేనా అన్నది తేల్చుకోవడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. పాత చిత్తూరు జిల్లా, దాని చుట్టుపక్కల ఊళ్ళు చాలు. కాకపోతే ముందు చట్టం ఏం చెప్తోందో కొంచెం చూడాలి.

1948లో వదిలేసిన మాట

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, జాతి నిర్మూలనను నేరంగా ప్రకటించే ఒప్పందం రాయడం మొదలుపెట్టారు. ఆ నేరానికి పేరు పెట్టిన న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ ఒక మాట గట్టిగా చెప్పాడు. మనుషుల్ని చంపడం ఒక్కటే జాతిని చంపడం కాదు. వాళ్ళ భాషను నిషేధించినా, గుళ్ళు కూల్చినా, పిల్లల్ని ఎత్తుకుపోయి వేరేవాళ్ళుగా పెంచినా ఆ జాతి మిగలదని ఆయన వాదన. ఒప్పందం ముసాయిదాలో సాంస్కృతిక నిర్మూలన కూడా నేరమనే రాశారు. చర్చలు ముగిసేసరికి ఆ భాగం ఎగిరిపోయింది. పిల్లల్ని బలవంతంగా తరలించడం ఒక్కటే మిగిలింది. ఆదివాసుల్ని తమలో కలిపేసుకునే విధానాలు నడుపుతున్న దేశాలకు, వలసలు ఏలుతున్న దేశాలకు ఆ మాట అంటే భయం.

ఆ ఒప్పందం 1948 డిసెంబర్ 9న ఆమోదం పొందింది. మర్నాడే, డిసెంబర్ 10న, విశ్వ మానవ హక్కుల ప్రకటన వచ్చింది. సమాజపు సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ప్రతి మనిషికీ ఉందని అందులోని 27వ అధికరణ చెప్తుంది. మైనారిటీ వర్గాల గురించి విడిగా ఒక్క వాక్యం కూడా లేదు. ప్రతి మనిషికీ సమాన హక్కులిస్తే గుంపుల సంగతి అదే సర్దుకుంటుందని అప్పటి నమ్మకం. దానికి వెనక ఒక చేదు అనుభవం కూడా ఉంది. పక్క దేశంలో ఉన్న జర్మన్ మైనారిటీ వాళ్ళను కాపాడతానంటూనే హిట్లర్ చెకోస్లొవేకియా మీద పడ్డాడు.

ఆ ఖాళీ 1966లో కొంత పూడింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో, యాదృచ్ఛికంగా మళ్ళీ 27వ అధికరణలోనే, జాతి, మత, భాషా మైనారిటీలకు చెందిన వ్యక్తులు తమ వర్గంలోని తక్కినవాళ్ళతో కలిసి తమ సంస్కృతిని అనుభవించే హక్కును ఎవరూ కాదనకూడదు అని రాశారు. హక్కు వ్యక్తికి ఇచ్చారు, దాన్ని వాడుకోవడం మాత్రం తోటివాళ్ళతో కలిసి. రాజీ మాటే అయినా చాలా తెలివైన రాజీ. భారతదేశం 1979లో ఈ ఒడంబడికలో చేరింది.

ఆ రాజీ ఎలా పనిచేస్తుందో సాండ్రా లవ్‌లేస్ కేసు చూస్తే అర్థమవుతుంది. ఆమె కెనడాలో మలిసీట్ అనే ఆదివాసీ తెగ మనిషి. 1970లో తెగ బయటి వ్యక్తిని పెళ్ళాడింది. అప్పటి కెనడా చట్టం ప్రకారం అలా చేసుకున్న ఆడది తెగ సభ్యత్వం పోగొట్టుకుంటుంది. అదే పని మగవాడు చేస్తే ఏమీ కాదు. తర్వాత విడాకులై, సొంత ఊరికి తిరిగి వెళ్ళి బతుకుదామంటే ఆమెకు అక్కడ ఉండే హక్కు లేదన్నారు. తెగ భూమి బయటివాళ్ళ పాలు కాకుండా ఇలాంటి నియమం అవసరమని ప్రభుత్వం సమర్థించుకుంది. 1981లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఆమె పక్షాన తేల్చింది. ఆమె భాష, ఆమె తెగ జీవితం ఆ ఊరు తప్ప ఇంకెక్కడా దొరకవు కాబట్టి, ఊళ్ళోకి రానివ్వకపోవడమంటే ఆమె సంస్కృతిని ఆమెకు లేకుండా చెయ్యడమే అంది. 1985లో కెనడా చట్టం మార్చుకుంది. గుంపును కాపాడే నియమం గుంపులోని మనిషినే వెలివేస్తుంటే ఎలా చూడాలన్నదానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

మన రాజ్యాంగం ఇంకో అడుగు ముందుకేసింది. సొంత భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరుల ఏ వర్గానికైనా వాటిని కాపాడుకునే హక్కు ఉందని 29వ అధికరణ అంటుంది. ఇక్కడ హక్కు నేరుగా వర్గానికే ఉంది. మైనారిటీ అనే షరతు కూడా అందులో లేదు. మత, భాషా మైనారిటీలు సొంత విద్యాసంస్థలు పెట్టుకోవచ్చని 30వ అధికరణ చెప్తుంది.

పుత్తూరు దాటాక

రేణిగుంట నుంచి అరక్కోణం వైపు రైలెక్కితే పుత్తూరు, ఏకాంబరకుప్పం దాటి తిరుత్తణి వస్తుంది. బోగీలో సగం మంది తెలుగు, సగం మంది తమిళం మాట్లాడుతుంటారు. చాలామందికి రెండూ వచ్చు. ఏకాంబరకుప్పం దాకా తమిళం ఇంటిభాషగా ఉన్నవాళ్ళు భాషా మైనారిటీ. తిరుత్తణి వచ్చేసరికి వాళ్ళు మెజారిటీ అయిపోతారు, అదే బెంచీ మీద పక్కన కూర్చున్న తెలుగువాడు మైనారిటీ అవుతాడు. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టే లెక్కించాలని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో తేల్చింది. ఆ లెక్కన గీత మారితే మనిషి హోదా మారుతుంది.

ఆ గీత కూడా మనకు తెలిసి గీసిందే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తాలూకాలే ఎక్కువ. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక తిరుపతి మాకే కావాలని తమిళనేత మ.పొ.శివజ్ఞానం ఉద్యమం చేశాడు. చివరికి పటాస్కర్ సిఫారసుల ప్రకారం 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దుబాటు జరిగి తిరుత్తణి ప్రాంతం అటు వెళ్ళింది. ఊళ్ళు మారాయి కానీ ఇళ్ళల్లో భాషలు మారలేదు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఈనాటికీ తమిళ మీడియం బడులున్నాయి. కుప్పం, పలమనేరు దగ్గర కన్నడమూ వినిపిస్తుంది.

ఈ పిల్లలకు చట్టం ఏమిచ్చిందో చూద్దాం. ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడమని 1956లో చేర్చిన 350ఎ అధికరణ రాష్ట్రాలను ఆదేశిస్తుంది. అంతకు ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే టీచర్‌ను ఇవ్వాలి. భాషా మైనారిటీల ఫిర్యాదులు చూడటానికి 350బి కింద ఒక ప్రత్యేక కమిషనర్ కూడా ఉన్నారు. కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది.

నలభై మంది పిల్లలున్నారా లేదా అన్న దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. తమిళ బడికి టీచర్ రిటైరయ్యాక కొత్త టీచర్ రావడం ఆలస్యమైతే తల్లిదండ్రులు ఒక ఏడాది చూస్తారు, తర్వాత ఇంగ్లీషు మీడియంలో చేరుస్తారు. పిల్లలు తగ్గారు కాబట్టి టీచర్ పోస్టు అక్కర్లేదంటారు. టీచర్ లేరు కాబట్టి పిల్లలు రారు. ఇందులో ఏ ఒక్కరూ తప్పు చెయ్యలేదు. మీడియం ఎంచుకునే స్వేచ్ఛ పిల్లవాడి తరఫున తల్లిదండ్రులదేనని, మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతపెట్టలేదని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సరైన తీర్పే. సంస్కృతిని నిలబెట్టే భారం ఒక పేద కూలీ కూతురి నెత్తిన పెట్టే అధికారం ఎవరికీ లేదు. కాకపోతే, ఎవరి హక్కూ ఉల్లంఘించకుండానే ఒక భాష బడి నుంచి మాయమైపోగలదు. ఒక్కో మనిషి హక్కును మాత్రమే చూసే కళ్ళకు ఈ నష్టం కనిపించదు. అందుకే, ఎంచుకోవడం మనిషి ఇష్టమే అయినా, ఎంచుకోవడానికి బడి తెరిచి ఉంచడం ప్రభుత్వ బాధ్యత అంటాను. పోస్టు భర్తీ చేశాక కూడా పిల్లలు రాకపోతే అది వాళ్ళ నిర్ణయం. భర్తీ చెయ్యకుండా పిల్లలు రాలేదనడం న్యాయం కాదు.

అవతలి వైపు మనవాళ్ళ బాధ కూడా ఇదే. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు మొదటి భాషగా చదివిన పిల్లలు పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తిరుత్తణిలో తెలుగు బడి గురించి మనకు కోపం వస్తే, నగరిలో తమిళ బడి గురించీ రావాలి.

జాబితాలో పేరు ఉంటేనే

తిరుపతి బస్టాండులో, తిరునాళ్ళలో పూసలు, పిన్నీసులు, రుద్రాక్షలు అమ్ముకునే నక్కల కుటుంబాలను అందరం చూసి ఉంటాం. ఇంట్లో వాళ్ళు మాట్లాడే వాగ్రిబోలి తెలుగూ కాదు, తమిళమూ కాదు, గుజరాతీ వైపు భాషలకు దగ్గర. ఇటు నక్కల, కురువికారన్ అన్న పేర్లతో 2003లో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. అటు తమిళనాడులో వీళ్ళనే నరికురవర్‌లంటారు, అక్కడ ఆ పేరు చేరడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. వియ్యమందుకునే చుట్టాలే ఒక గీతకు ఇటు ఎస్టీ, అటు ఎస్టీ కాదు. ఇరవై ఏళ్ళు ఇలాగే నడిచింది. ఆ ఇరవై ఏళ్ళలో స్కాలర్‌షిప్ కోల్పోయిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళైపోయారు.

జాబితాలో చేరడానికి చూసే ప్రమాణాలు 1965 నాటి లోకూర్ కమిటీవి. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, మిగతా జనానికి దూరంగా ఉండటం, బయటివాళ్ళతో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. అంటే మా సంస్కృతికి గుర్తింపు ఇవ్వండి అని అడగాలంటే మేం వెనుకబడ్డామని, బిడియపడతామని నిరూపించుకోవాలి. బాగా చదువుకుని ధైర్యంగా మాట్లాడే నక్కల కుర్రాడు ఆఫీసుకు వెళ్తే ‘నిన్ను చూస్తే అలా లేవే’ అనే ప్రమాదం ఉంది. గుర్తింపు ఇస్తూనే మనిషిని ఒక చట్రంలో బిగించడం ఇది.

గుర్తింపు ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోవడానికి కూడా లేదు. బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఎరుకల వాళ్ళు ఆ చట్టం కిందకు వచ్చారు. పేరు నమోదైన వాళ్ళకు వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. అదీ గుంపును గుర్తించడమే. అలాంటి చోట మనిషిని కాపాడేది గుంపు హక్కు కాదు, ‘నేను చెయ్యని నేరం నా మీద వెయ్యొద్దు’ అనే ఒంటరి మనిషి హక్కే. 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం రద్దయింది. దొంగతనం జరిగితే ముందు ఎరుకల వాడకే జీపు వెళ్ళే అలవాటు మాత్రం చట్టంతో పాటు పోలేదు. వ్యక్తి హక్కులు పాతబడిపోయాయి, ఇక గుంపు హక్కులే దిక్కు అని వాదించేవాళ్ళు ఈ చరిత్ర ఒకసారి చూడాలి.

దీవి పోతే

శ్రీహరికోట అనగానే రాకెట్లు గుర్తొస్తాయి. పులికాట్ సరస్సుకు, సముద్రానికి మధ్య ఉన్న ఆ దీవి అంతకు ముందు యానాదులది. తేనె, దుంపలు, మందు మొక్కలు, చేపలు, అన్నీ అడవి నుంచీ నీళ్ళ నుంచీ వచ్చేవే. 1969లో అంతరిక్ష కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నారు. 1971 అక్టోబర్‌లో తొలి రాకెట్ ఎగిరింది. యానాదులు దీవి వదిలి ఇవతలి ఊళ్ళకు వచ్చారు.

అంతరిక్ష కేంద్రం వద్దని నేననను. అది దేశానికి గర్వకారణం, మా జిల్లాకు కూడా. కాకపోతే పోయినదాన్ని లెక్కగట్టిన పద్ధతి గురించి మాట్లాడాలి. అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది. పట్టా ఉన్న పొలానికి, ఇంటికి, చెట్టుకు అది ధర కడుతుంది. ఏ వాగు పక్కన ఏ దుంప ఏ నెలలో ఊరుతుందో తెలిసిన తెలివికి అందులో ధర లేదు. ఆ తెలివి ఆ దీవిలోనే పనికొస్తుంది. సూళ్ళూరుపేట వీధిలో దానికి విలువ లేదు. మనిషి బతికే ఉన్నాడు, ఓటు ఉంది, రేషన్ కార్డు ఉంది. మనవడికి నేర్పడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. గిరిజన జనాభాకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒప్పందాన్ని భారతదేశం 1958లోనే ఆమోదించింది. తరతరాలుగా ఉంటున్న చోటు నుంచి వాళ్ళ ఇష్టం లేకుండా కదపకూడదని, దేశభద్రత, ఆర్థికాభివృద్ధి లాంటి కారణాలతో తప్పనిసరై కదిపితే అంతకు తగ్గని భూమి ఇవ్వాలని 12వ అధికరణ చెప్తుంది. శ్రీహరికోట నాటికి మనం సంతకం పెట్టి పదేళ్ళు దాటింది.

తర్వాత రోజులు కొంత మారాయి. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆ బలంతోనే ఒడిశా నియమగిరిలో గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు గ్రామసభలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండ అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందులకు దేవుడు.

యానాదులకు ఈ దారి సగమే తెరిచి ఉంది. పెసా వర్తించేది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ప్రకటించిన గిరిజన ప్రాంతాలకే. మన రాష్ట్రంలో అవి శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల ఏజెన్సీ దాకా ఉన్నాయి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు లేవు. 2011 జనగణనలో ఐదు లక్షలు దాటిన యానాదులు మైదానంలో, ఊరి చివర, చెరువు గట్ల మీద, ఒక్కో చోట పదీ ఇరవై ఇళ్ళుగా చెదిరి ఉన్నారు. గ్రామసభలో వాళ్ళెప్పుడూ మైనారిటీయే. చెదిరిపోయిన గుంపుకు గుంపు హక్కు ఎలా ఇవ్వాలన్నది మన చట్టాలు ఇంకా గట్టిగా ఆలోచించని ప్రశ్న. వాళ్ళ కాలనీనే ఒక సభగా లెక్కించి, చెరువులో చేపల మీద, అడవి ఫలసాయం మీద దానికి మాట ఇవ్వడం సాధ్యమే. అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట కూడా వర్తిస్తుంది కాబట్టి అక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చు.

ఏది సంస్కృతో తేల్చేదెవరు

చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమ నాడు పశువుల పండగ చేస్తారు. ఎద్దుల కొమ్ములకు దేవుళ్ళ బొమ్మలో, హీరోల బొమ్మలో ఉన్న పలకలు కట్టి జనం మధ్య వదిలితే కుర్రాళ్ళు వాటిని లాక్కోవాలి. పేపర్లు జల్లికట్టు అంటాయి. తమిళనాడు జల్లికట్టు సంప్రదాయమే కాదని 2014లో సుప్రీంకోర్టు అంది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక చట్టాలు సవరించుకున్నాక, ఒక ఆట సంస్కృతిలో భాగమా కాదా అన్నది తేల్చాల్సింది శాసనసభ అని 2023 మే నెలలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. తొమ్మిదేళ్ళలో తీర్పు చెప్పే చోటు కోర్టు నుంచి అసెంబ్లీకి మారింది. నాకు రెండూ సంతృప్తినివ్వలేదు. అసెంబ్లీలో మెజారిటీ ఉన్న వర్గం సంస్కృతి ఎలాగూ నిలబడుతుంది. యానాదుల, నక్కల వాళ్ళ పండగకు అక్కడ చెయ్యెత్తేవాళ్ళు ఎంతమంది? పైగా ఎద్దు తోక మెలిపెట్టి, కారం పూసి చేసే హింస ఎప్పటిదైనా హింసే. ఎంతకాలంగా చేస్తున్నామన్నది దానికి సమాధానం కాదు.

బజారు కూడా ఒక తీర్పరే. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఒక్కరి సొత్తు కాకుండా అక్కడ ఆ పని చేసే అందరికీ చెందే హక్కు, మన చట్టాల్లో గుంపు హక్కుకు చక్కటి నమూనా. కరక్కాయ నీళ్ళలో, పాలలో గుడ్డ నానబెట్టి, బెల్లం నీళ్ళలో ఊరిన ఇనుప తుప్పుతో నల్ల గీత గీసి, పటిక వేసి, మళ్ళీ మళ్ళీ పారే నీళ్ళలో ఉతుకుతారు. గుర్తింపు ఆ పేరును కాపాడుతుంది. మెషీన్ ప్రింటు చీర ‘కలంకారీ డిజైన్’ అని సగం కంటే తక్కువ ధరకు పక్క కొట్లోనే అమ్ముడుపోతుంటే, స్వర్ణముఖిలో నీళ్ళు పారకపోతే, పేరు మాత్రం ఉండి ఏం లాభం?

మాతమ్మ

అన్నిటికంటే కష్టమైన సంగతి చివరికి పెట్టుకున్నాను. పుత్తూరు, నగరి, సత్యవేడు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల దళితవాడల్లో మాతమ్మ గుళ్ళున్నాయి. పెద్ద గుళ్ళలోకి రానివ్వని కాలంలో కూడా మాదిగ వాడకు తన దేవత, తన డప్పు, తన జాతర ఉన్నాయి. అది వాళ్ళ ఆత్మగౌరవం. ఆ దేవతను మొక్కుకునే హక్కు మీద ఎవరు చెయ్యి వేసినా అది మానవ హక్కుల మీద వేసినట్టే.

అదే దేవత పేరు మీద, చిన్నప్పుడు జబ్బు చేసిన ఆడపిల్లను ‘బతికితే నీకే ఇస్తాం’ అని మొక్కి, గుళ్ళో తాళి కట్టించే ఆచారం కూడా ఉంది. ఆ పిల్లనూ మాతమ్మ అనే పిలుస్తారు. పెద్దయ్యాక ఆమె పెళ్ళి చేసుకోకూడదు. జాతరల్లో ఆడాలి. తర్వాత ఏం జరుగుతుందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లలు పుడతారు, తండ్రి ఎవరూ ముందుకు రారు. చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1947లో, దేవదాసీగా అర్పించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్ళీ చట్టం చేసింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ చిత్తూరు, తిరువళ్ళూరు జిల్లాల్లో ఈ ఆచారం గురించి రెండు రాష్ట్రాలకూ నోటీసులివ్వాల్సి వచ్చింది.

‘ఇది మా ఆచారం, మీరెవరు అడగడానికి?’ అనే మాట ఇక్కడ వినిపిస్తే, అది ఎవరి నోట్లోంచి వస్తోందో చూడాలి. ఆ మాట మాతమ్మగా మారిన స్త్రీ అంటోందా, ఆమె వల్ల లాభపడేవాళ్ళు అంటున్నారా? ఐదేళ్ళ పిల్ల సమ్మతి అనేది ఉండదు. ఊళ్ళో ఈ ఆచారం నిలబడటం వల్ల సుఖపడిన మగవాళ్ళలో ఆ వాడ బయటివాళ్ళే ఎక్కువ. కాబట్టి దీన్ని మాదిగల సంస్కృతి అని వాళ్ళ నెత్తిన రుద్దడం కూడా అన్యాయమే. యునెస్కో 2003లో చేసిన వారసత్వ ఒప్పందం కూడా మానవ హక్కులకు విరుద్ధమైన ఆచారాలను వారసత్వంగా లెక్కించదు. మన దేశం 2005లో అందులో చేరింది.

చట్టంతోనే అంతా అయిపోతుందని మాత్రం అనుకోను. తాళి కట్టించినవాళ్ళను జైల్లో పెడితే మొక్కు చాటుమాటుకు జరుగుతుంది. పిల్లకు జబ్బు చేసినప్పుడు దగ్గర్లో డాక్టర్ ఉంటే మొక్కే అవసరం తగ్గుతుంది. గుడి, జాతర, డప్పు అలాగే ఉంచి, ఆడపిల్లను ఇచ్చే మొక్కు ఒక్కటి తీసెయ్యాలని వాడలోనే పుట్టి పెరిగిన ఆడవాళ్ళు అడుగుతుంటే, వాళ్ళ మాటే ఆ సంస్కృతి మాట అనుకోవాలి. సంస్కృతిని మార్చే హక్కు కూడా లోపలివాళ్ళదే.

ఈలోగా, ఇప్పటికే మాతమ్మలుగా ఉన్న తల్లుల పిల్లలు ప్రతి జూన్‌లోనూ బడిలో ఒక ఫారం నింపాలి. అందులో తండ్రి పేరు అనే గడి ఉంటుంది. చాలామంది మేనమామ పేరో, తాత పేరో రాసేస్తారు. తర్వాత క్యాస్ట్ సర్టిఫికెట్‌కు వెళ్తే ఆ పేరు, ఆధార్‌లో పేరు కలవక తిప్పుతారు. పెళ్ళికాని తల్లి ఒక అఫిడవిట్ ఇస్తే చాలు, బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బడిలో చేర్చడానికి తండ్రి పేరు తప్పనిసరి కాదని కూడా ఆ తీర్పులోనే గుర్తుచేసింది. ఎవరైనా కాదంటే ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను పెట్టాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెప్తుంది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు.